దువ్వెన పెట్టకూడని తల

పూలజడ వేయడంలో హైమావతిని మించిన మనిషి వాళ్ల మండలంలో లేదు. ఏడో తరగతితో బడి మానేసినా మహిళా సంఘానికి అధ్యక్షురాలైంది, వాడకు మంచినీళ్ల కుళాయి తెప్పించింది, కలెక్టరమ్మ కూతురికి పెళ్లిజడ వేసిందీ ఆమే. అలాంటి మనిషి జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో కూతురింట్లో దిగగానే, మనవరాలు రాజ్యశ్రీ ఉంగరాల జుట్టంతా తాళ్లలా పేనుకుపోయి ఉండడం చూసి మండిపడింది.

“చిక్కు తీసుకునే ఓపిక కూడా లేదటే నీకు?”

“చిక్కు కాదు అమ్మమ్మా, లాక్స్. సెలూన్‌లో పెట్టించుకున్నా. ముదరడానికి ఏడాది పైనే పడుతుంది. ఇప్పుడు దువ్వితే మొత్తం పోతాయి.”

“పోనీ, పీడా వదులుతుంది!”

హైమావతి కొబ్బరినూనె, దువ్వెన పట్టుకొచ్చింది. సోఫాలో కూర్చున్న పిల్ల భుజం నొక్కిపట్టి, నుదుటి దగ్గర పాయలో దువ్వెన గుచ్చింది.

“జడలు కట్టిన తలకి దువ్వెన పెడితే అమ్మవారికి కోపమొస్తుందని ఊరందరికీ చెప్పేది నువ్వే కదా!” అని అరిచింది రాజ్యశ్రీ.

“అవంటే అమ్మవారు కట్టిన జడలు! నువ్వు సెలూన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని మరీ కట్టించుకున్నావు!”

“అమ్మవారికి ఆ తేడా తెలుస్తుందో లేదో, దువ్వి చూడు మరి!”

హైమావతి చెయ్యి ఆగింది. ఎందరో పెళ్లికూతుళ్ల తలల మీద ఒక్కసారీ తడబడని చెయ్యి అది. దువ్వెనను మెల్లగా వెనక్కి తీసి కొంగుతో తుడుచుకుంది.

“భయపడి కాదు. మంచి దువ్వెన, పళ్లు విరుగుతాయని,” అంటూ విసురుగా వంటింట్లోకి వెళ్లింది. ఆ పూట మనవరాలికి అన్నం వడ్డించలేదు.