మద్ది బెరడు మీద నింద

ఆ వీధిలో ఆమెను అందరూ బెరడక్క అంటారు. ముందుగదిలో చెట్ల బెరళ్లు ఎండబెట్టి, దంచి అమ్ముతుంది. చిగుళ్లు నెత్తురు కారుతుంటే తుమ్మ బెరడు కషాయంతో పుక్కిలించమంటుంది. గజ్జికి వేప, విరేచనాలకు నేరేడు, మానని పుండు కడగడానికి మేడి, గుండె దడకు తెల్లమద్ది. ఇదంతా అత్తగారు నేర్పిన విద్య. "బెరడును నమ్ము గానీ తెచ్చినవాణ్ణి నమ్మకు" అని కూడా ఆవిడే చెప్పింది. ఆ మాటను మాత్రం కోడలు అవసరానికి మించి పట్టుకుంది. టీలో చక్కెర ఎక్కువైనా ఎవరో కావాలనే వేశారనుకునే మనిషి.

బెరడు తెచ్చేవాడు మరిది. కలప అడితిలో పని చేస్తాడు. దుంగలు రంపానికి ఎక్కేముందు బెరడు చెక్కి మూటగట్టి తెస్తాడు. అత్తగారు పోయేనాటికి వాడింకా పసివాడు. ముద్దలు కలిపి పెట్టి పెంచింది ఈమే. భర్త కూడా పోయాక ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. అయినా సరే, ముక్క విరిచి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుంటే గానీ వాడు తెచ్చిన మూటను గడప దాటనివ్వదు.

ఈమధ్య వాడి వరస ఆమెకు నచ్చడం లేదు. పొద్దుగూకేలోగా ఇల్లు చేరేవాడు కాస్తా చీకటి పడ్డాక వస్తున్నాడు. ఫోన్ మోగితే గోడవతలికి పోయి మాట్లాడతాడు. ఎందుకింత ఆలస్యమంటే "పని వదినా" అంటాడు, మొహం చూడకుండా.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం మేస్త్రి కోడలు గుమ్మంలోకి వచ్చింది. మేస్త్రి పక్కవీధిలో ఉండే ముసలి తాపీపనివాడు. గుండె దడకని బెరడక్క దగ్గర మద్ది పొడి తీసుకుంటున్నాడు.

"ఇది మీరిచ్చిందేనా?" అంటూ కోడలు పొట్లం ముందు పెట్టింది.

"నేనిచ్చిందే. ఏమైంది?"

"మా మామయ్య మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డారు. మంచం సర్దుతుంటే పరుపు కింద ఈ పొట్లం దొరికింది. ఇందులో ఏం కలిపారో మీకే తెలియాలి."

ఆమె వెళ్లాక బెరడక్క పొడిని నాలుకకు రాసుకుంది. అదే వగరు. నీళ్లలో వేసింది, అదే రంగు. అయినా మనసు కుదుటపడలేదు. మరిది ఆలస్యాలూ, గోడచాటు మాటలూ అన్నీ వచ్చి ఆ పొట్లం చుట్టూ చేరాయి.

ఆ రాత్రి వాడు వచ్చి కాళ్లు కడుక్కుంటుండగానే అందుకుంది.

"ఈ మద్ది చెక్కింది ఎవరు?"

"నేనే."

"మద్దితోపాటు ఇంకేం చెక్కావు?"

"అడిగేదేదో తిన్నగా అడుగు వదినా."

"ఆ పొడి తిని మేస్త్రి కళ్లు తిరిగి పడ్డాడట. వేరే చెట్టు బెరడు కలిపావా?"

వాడు చెంబు కింద పెట్టాడు. "నీ చేతి ముద్ద తిని పెరిగాను. ముసలాయన నోట్లో విషం పోసేవాణ్ణా నేను?"

"విషమని నేనన్నానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం దేనికి?"

వాడు రెండు చొక్కాలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. అడితి వెనకగదిలో పడుకుంటున్నాడని తర్వాత తెలిసింది. తప్పు చేసినవాడే అలా మొహం చాటేస్తాడని ఆమె తనకు తాను చెప్పుకుంది. అన్నం మాత్రం సయించలేదు.

ఉండబట్టలేక మేస్త్రిని చూడ్డానికి వెళ్లింది. కోడలు కూర్చోమనలేదు. మంచం పక్కన నిలబడి, అట్టలోంచి ఒక మాత్ర తీసి మామ చేతిలో పెడుతోంది.

"అది దేనికి?" అంది బెరడక్క.

"బీపీకి. ఆసుపత్రిలో ఇచ్చారు. ఈమధ్యే మొదలుపెట్టాం."

బెరడక్క మేస్త్రి వైపు తిరిగింది. "పెద్దాయనా, ఈ మాత్రల సంగతి నాకు చెప్పలేదేం? నా పొడి సంగతి డాక్టరుకు చెప్పావా?"

ముసలాయన గోడవైపు చూశాడు. "నీకు చెబితే పొడి ఇవ్వవు. ఆయనకు చెబితే తిడతాడు. రెండూ మింగితే తొందరగా తగ్గుతుందనుకున్నాను."

కోడలి మొహం మాడిపోయింది. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది. రెండూ కలిసి రక్తపోటు బాగా పడిపోయి ఉంటుందని, పొడి వెంటనే మానేయమని ఆయన చెప్పాడు.

బెరడక్క అటునుంచటే అడితికి నడిచింది. మరిది దుంగ మీద వంగి బెరడు చెక్కుతున్నాడు. తలెత్తలేదు.

"మేస్త్రి మాత్రలు కూడా మింగుతున్నాడట. అందుకే పడ్డాడు" అంది.

"ఓహో."

"నువ్వేమీ కలపలేదు."

"అది నాకు ముందే తెలుసు వదినా."

ఇంటికి రమ్మనాలనుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. వాడే కాసేపటికి కత్తి తుడుచుకుంటూ, "ఇన్నాళ్లూ ఆలస్యంగా ఎందుకొచ్చానో అడగవేం?" అన్నాడు.

ఆ ప్రశ్న ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. "అడగను. ఆదివారం భోజనానికి రా" అంది.

వాడు ఒక మూట కట్టి చేతికిచ్చాడు.

వీధి మలుపు తిరిగాక ఆమె అడుగు నెమ్మదించింది. వెనక్కి చూసింది. ఎవరూ లేరు. గోడపక్కన కూర్చుని మూట విప్పి, ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది. మద్దే. ఇంకో ముక్క కొరికింది. అదీ మద్దే. మూటను వాడు కట్టినట్టే మళ్లీ కట్టబోయింది. వాడి ముడి ఎంతకీ కుదిరింది కాదు.