రోడ్డు అటు పక్కకి వెడల్పయింది

శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ బస్సులో వెళ్తూ, ఓ మధ్యాహ్నం గరికపాడు దగ్గర డాబాలో భోజనానికి ఆగాను. లారీవాళ్లతో బల్లలన్నీ నిండిపోయాయి. గోంగూర పప్పు అద్భుతంగా ఉంది.

"ఇంత పైకొచ్చారంటే మీ చేతి మహిమేనండీ," అన్నాను యజమానితో.

ఆయన నవ్వలేదు. "నాకసలు వంటే రాదండీ. వండేది మా వెంకటేశ్వర్లు. రోడ్డుకి అవతల వాడికీ డాబా ఉండేది, నాదానికంటే బాగా నడిచేది. హైవే వెడల్పు చేసినప్పుడు వాడి వైపు కొట్టేశారు. ఇటు కొట్టేసుంటే, వాడి దగ్గర నేను గిన్నెలు కడుగుతుండేవాణ్ణి."

పొయ్యి దగ్గర నెరిసిన జుట్టు మనిషి తలెత్తకుండా పప్పు ఎనుపుతున్నాడు. ఒక మంచి మాట చెబుదామని లేచాను. యజమాని నా చెయ్యి పట్టుకున్నాడు.

"బాగుందని మాత్రం చెప్పకండి సార్. ఎవరన్నా ఆ మాటంటే, తన డాబా గుర్తొచ్చి వాడు ఆ పూట అన్నం తినడు."

చెయ్యి కడుక్కుని, అటు చూడకుండానే బస్సెక్కాను.