వెనక గొళ్ళెం పెట్టినావా?

మొన్న నాయుడుపేటలో పెళ్ళికి బయల్దేరుతూ ఒక కాలికి చెప్పు తొడిగి, రెండో చెప్పు కోసం కాలితో తడుముకుంటున్నాను. లోపలినుంచి మా ఆవిడ, "వెనక గొళ్ళెం పెట్టినారా?" అని అడిగింది. ఏ ఇంట్లోనైనా రోజుకు రెండుసార్లు వినబడే మాటే. విన్నవాడు పెట్టానని అబద్ధమైనా చెప్పాలి, లేకపోతే వెళ్ళి చూసైనా రావాలి. నేను రెండూ చేయకుండా చదివింపుల కవరు చేత్తో పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చి నా మొహం చూసింది. తను అన్నదేమిటో అప్పుడు గుర్తొచ్చింది. "అయ్యో, తలుపు సంగతే అడిగినానండీ," అంది మెల్లగా.

మా ఇంట్లో ఆ మాటకు తలుపుతో సంబంధం తెగి చాలా ఏళ్ళయింది. సూళ్లూరుపేటలో మాది ఇనుప సామాన్ల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. మేకులు, బోల్టులు, గొలుసులు, పడవలకు కొట్టే పొడుగాటి చీలలు అమ్మేవాళ్ళం. పాత పంపులు, మోటార్లు, ఇంజన్లు కొనేవాళ్ళం కూడా. కొనడంలోనే మా నాయన పనితనమంతా ఉండేది. అయితే ఆయనకో బలహీనత. మనిషి మొహం మీద "నీ సరుకు బాగలేదు" అనలేడు. ఒకసారి ఒకాయన పైకి పెళ్ళికొడుకులా మెరుస్తున్న నీళ్ళ పంపు తెచ్చి, కూర్చుని, తన పిల్లల చదువుల దగ్గరనుంచి కథ మొదలుపెట్టాడు. పంపులో ఏదో తేడా ఉందని నాయనకు తెలిసిపోయింది కానీ లేవలేకపోతున్నాడు. సరిగ్గా అప్పుడు మా అమ్మ లోపలినుంచి, "వెనక గొళ్ళెం పెట్టినారా? మేకలు దూరతాయి!" అని కేకేసింది. నాయన "ఉండండి, చూసొస్తా" అని లేచి లోపలికి వెళ్ళాడు. వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. పంపు మనిషి గంటసేపు కూర్చుని, రెండు గ్లాసుల మజ్జిగ తాగి, పంపు ఎత్తుకుని ఎదురంగడికి పోయాడు. ఎదురంగడివాళ్ళు కొన్నారు. మూడోరోజు అది బిగిసిపోయి, వాళ్ళు దాన్ని రోడ్డున పెట్టి తిడుతుంటే మా నాయన గల్లాపెట్టె వెనక తల దించుకుని ఎంత నవ్వాడో!

అప్పటినుంచి అది మా అంగడి మాట అయింది. సరుకులో లోపం కనబడితే, కనిపెట్టినవాడు రెండోవాడితో "వెనక గొళ్ళెం పెట్టినావా?" అనాలి. విన్నవాడు మారుమాట్లాడకుండా లేచి రావాలి. ఎందుకు, ఏమిటి అని అక్కడ అడగకూడదు. బేరం ఎంత తీపిగా ఉన్నా వెనక్కి తిరిగి చూడకూడదు. కారణం ఇల్లు చేరాకే. ఊళ్ళో చాలామంది మేము తలుపు విషయంలో కాస్త చాదస్తపు మనుషులమనుకునేవారు. అనుకోనీ అనేవాడు నాయన.

ఈ మాట తెలిసినవాళ్ళం అప్పట్లో నలుగురమే: అమ్మ, నాయన, నేను, మా బావ. పెళ్ళయ్యాక మా ఆవిడకు నేనే చెప్పాను. బావ మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. వాళ్ళ నాన్న చిన్నప్పుడే పోతే మా ఇంట్లోనే పెరిగాడు. బడి వదలగానే ఇద్దరం అంగట్లో ఉండేవాళ్ళం. బేరంలో నేను నోరు, బావ కళ్ళు. నేను అమ్మేవాడితో ఊరు, వర్షం, వియ్యంకులు అంటూ లోకాభిరామాయణం నడిపిస్తుంటే, బావ సరుకు చుట్టూ తిరిగి, వంగి, గోకి, వాసన చూసేవాడు. అతని చేతిలో నాయన ఇచ్చిన అయస్కాంతం ఉండేది. పాత స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటి బిళ్ళ, గుడ్డలో చుట్టింది. చిల్లులు పడ్డ రేకును పుట్టీతో మూసి రంగేస్తే కంటికి తెలియదు, అయస్కాంతానికి తెలుస్తుంది. ఇనుము మీద పెడితే టక్కున అతుక్కుంటుంది. పుట్టీ మీద పెడితే జారి అరచేతిలో పడుతుంది. ఆ 'టక్' ఏ సందడిలో వినబడినా గుర్తుపడతానని నాకు గర్వంగా ఉండేది. నాయన పోయాక అంగడి నాకు వచ్చింది. అయస్కాంతం బావ దగ్గర ఉండిపోయింది. బావ తడ దగ్గర ఫ్యాక్టరీలకు పాత యంత్రాలు కుదిర్చే పని పెట్టుకున్నాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. అనుకోలేదనే నేను అనుకున్నాను.

ఇక కారు సంగతి. మూడేళ్ళ క్రితం మాట. దొరవారిసత్రం అవతల ఒక రొయ్యల ఆసామి షెడ్డులో పాత స్పోర్ట్స్ కారు పడివుందని మా దగ్గర పైపులు కొనే ఒకాయన చెప్పాడు. ఎర్రది, టాప్ తీసేయొచ్చు, ఇద్దరికే సీట్లు. రొయ్య బంగారంగా ఉన్న రోజుల్లో ఆసామి మద్రాసులో మోజుపడి కొన్నాడట. తర్వాత చెరువులకు తెగులొచ్చింది. కారు షెడ్డులోకి, ఆసామి మళ్ళీ వరిలోకి వెళ్ళారు. వినగానే అది నాకు కావాలనిపించింది. యాభై నాలుగేళ్ళ మనిషికి ఎర్రకారు ఎందుకని నన్ను నేనే అడిగాను, పెద్దమనిషిలా. జవాబు కూడా దొరికింది: జీవితమంతా బోల్టులు అమ్మాను, ఒక్కటంటే ఒక్కటి చేత్తో బిగించి ఎరగను. అమ్ముకోవడానికి కాకుండా ఒక్క వస్తువు కొనాలి, విప్పాలి, కడగాలి, చేతులకు గ్రీజు అంటాలి, సాయంత్రాలన్నీ దానికే పోవాలి. ఈ మాట మా ఆవిడతో అంటే నవ్విపోతుందని భయం. అన్నాను. నవ్వింది. "ఇద్దరే పట్టే కారా? అయితే మీరూ మీ బావా తిరగండి. నేను బస్సులో వస్తా," అంది.

బావకు ఫోన్ చేస్తే, "రేపే పోదాం పా, బామ్మర్దీ," అన్నాడు. ఒక్క అడ్డమాట కూడా లేదు. అది కాస్త ఆలోచించవలసిన విషయమే. నేను ఆలోచించలేదు.

షెడ్డు అక్కడి ఉప్పునీళ్ళ సరస్సు ఒడ్డుకు దగ్గర. గాలి నాలుకకు ఉప్పగా తగులుతోంది. ఆసామి నీలం పట్టా లాగేసరికి దుమ్ములోంచి బయటపడిందది, బానెట్ మీద రొయ్యల మేత బస్తాలు మోస్తూ. ఒక టైరు నేలకు అంటుకుపోయింది. సీటు లోపలి దూదిని ఎలుకలు పంచుకున్నాయి. తలుపు తీస్తే మేత కంపు గుప్పున కొట్టింది. అంత కంపులోనూ ఆ కారు ముందు ముక్కు పొడుగ్గా వంగి ఉన్న తీరు చూసి నాకు నోరు ఎండిపోయింది. బేరానికి పోయినవాడికి నోరు ఎండకూడదు.

"ఏందన్నా ఇది, కారా, మేత గోడౌనా?" అన్నాను.

"అట్టనొద్దన్నా. దీంట్లో నేను మద్రాసునించి వస్తుంటే తడ చెకుపోస్టు కాడ లారీవోళ్ళు దిగి చూసినారు," అన్నాడు ఆసామి.

"దిగి తోసినారేమో!"

ఆసామి నవ్వాడు. నవ్వినవాడు తగ్గుతాడు. ఆయన చెప్పిన ధరకు నేను గుండె పట్టుకున్నాను. నేను చెప్పిన ధరకు ఆయన పట్టా మళ్ళీ కప్పబోయాడు. రాకెట్టు పోయినప్పుడల్లా షెడ్డు రేకులు అదిరి బానెట్ మీద తుప్పు రాలుతుందని, అందుకే మచ్చలని చెప్పాడు. "అయితే ఆ మచ్చల ఖర్చు శ్రీహరికోట వాళ్ళనే అడుగు, నన్నెందుకు అడుగుతావు?" అన్నాను. అలా ఇద్దరం నవ్వుకుంటూ తిట్టుకుంటూ దగ్గరికొస్తున్నాం. నా లోపల అప్పటికే కారు మా ఇంటి వెనక రేకుల కింద నిలబడి ఉంది, నేను దాని కింద పడుకుని ఉన్నాను.

నిజంగా దాని కింద పడుకున్నది బావ. చొక్కా విప్పి, గోనెపట్టా పరుచుకుని, అయస్కాంతం తీసుకుని దూరాడు. టక్. కొంచెం జరిగి, టక్. ఆ చివర టక్. ఒక పదిసార్లు వినబడింది. వినబడిందని ఇవాళ రాస్తున్నాను. ఆ రోజు నా చెవులు ఆసామి దగ్గర, కళ్ళు కారు ముక్కు మీద ఉన్నాయి. బావ బయటికొచ్చి, వీపు దులుపుకుని, అయస్కాంతం గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని, నా కళ్ళలోకి చూసి అన్నాడు:

"రేయ్, వెనక గొళ్ళెం పెట్టినావా?"

నేను లేచాను. అంతే. ధర ఇంకో మెట్టు దిగితే కుదిరేది, చెయ్యి చాపితే అందేది. అయినా లేచాను. ఆసామి బిత్తరపోయి, "మీ ఇల్లు సూళ్లూరుపేటలో గదన్నా, ఈడనించి గొళ్ళెం ఎట్ట పెడతావు?" అన్నాడు. నిజమే, అది బాగా అడిగిన ప్రశ్న. జవాబు చెప్పకుండా మోటారుసైకిలెక్కాం.

ఇల్లు చేరాక బావ చెప్పాడు. "కింద జల్లెడ, అబ్బయ్యా. ఉప్పుగాలి చాసీనంతా తినేసుండాది. అంతా పుట్టీనే. నువ్వు కూచుంటే రోడ్డు మీదకి జారిపోతావు." నేను అతని చెయ్యి పట్టుకున్నాను. మునిగిపోయేవాణ్ణి బయటికి లాగావన్నాను. మా ఆవిడ పులిసిన దోసెపిండితో వేడి వేడి పులిబొంగరాలు పోసి పెట్టింది. బావ రెండు వాయలు తిని, ఇంటికి కొన్ని కట్టించుకుని పోయాడు. గొళ్ళెం గుట్టు విప్పకుండానే ఆ వారం అంగడికొచ్చిన ప్రతివాడికీ నేను ఈ కథ చెప్పాను. కథలో బావ గొప్పవాడు, నేను అదృష్టవంతుణ్ణి.

రెండు నెలలు గడిచాయి. కార్లకు సొట్టలు తీసి రంగులేసే భాయి ఒకాయన మాకు పాత ఖాతాదారు. నాయన కాలంనుంచి వస్తాడు. ఆయన అడిగిన స్టీలు బోల్టులు ఆలస్యంగా దిగితే, దారేగదా అని నేనే పట్టుకెళ్ళాను. షెడ్డులో ఎర్రకారు నిలబడి ఉంది. బానెట్ తీసి, చక్రాలు ఊడదీసి, నాలుగు దిమ్మల మీద. ముక్కు మాత్రం అదే.

"ఎవరిది భాయీ ఇది?" అన్నాను. తెలిసి అడగడమంటే ఇదే.

భాయి ఆశ్చర్యపోయాడు. "మీ బావగారిది గదన్నా? మీకు చెప్పలేదా? ఆ ఆసామి తెలివిగల్లోడన్నా. కొన్నప్పుడే కింద పడవ తారు పూయించినాడు. తారు గీకి చూస్తే లోపల ఇనుము కొత్తదాని మాదిరి ఉండాది. ఒక్క చిల్లు లేదు." అంటూ పక్కనున్న పానా తీసి చాసీ మీద కొట్టి చూపించాడు. ఖంగుమంది. మా స్టాకు కంటే మంచి ఇనుము. నేను బోల్టుల పొట్లం బల్లమీద పెట్టాను. ఆ బోల్టులు కూడా ఆ కారుకేనని అప్పుడు అర్థమైంది. నా అంగడినుంచి, నా చేత్తో, షెడ్డుదాకా తెచ్చి ఇచ్చాను. బేరగాణ్ణని నాకు పేరు.

అక్కడనుంచి నేరుగా బావ ఇంటికి వెళ్ళాను. అరుగుమీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. నన్ను చూడగానే పేపరు మడిచాడు. దాచడానికేమీ ప్రయత్నించలేదు.

"కారు కావాలంటే అడగొచ్చు గదా, బావా. ధర పెంచొచ్చు, నాతో పోటీ పడొచ్చు. ఆ మాట ఎందుకు వాడినావు?" అన్నాను.

"అడిగితే ఇస్తావా?"

"ఇయ్యను. నాకూ కావాల."

"అదే గదా," అన్నాడు.  వీధిలోకి చూస్తూ, నా వైపు తిరగకుండానే, "నేనూ ఆ అంగట్లోనే పెరిగినా గదరా. నీకు అంగడొచ్చింది. నాకు ఆ మాటొక్కటే వచ్చింది. ఎన్నాళ్ళని దాచుకునేది? ఖర్చుపెట్టుకున్నా," అన్నాడు.

  మా నాయన పోయిన నాడు అంగడి తాళాలు ఎవరు ఎవరికి ఇచ్చారో గుర్తుచేసుకోబోయాను. గుర్తు రాలేదు. మొదటినుంచీ నా జేబులోనే ఉన్నట్టు ఉంది. అతని మాటలో న్యాయం ఉందని ఇవాళ ఒప్పుకోగలను. ఆ న్యాయానికి అంగడిలో సగం అడిగినా ఒప్పుకునేవాణ్ణేమో. అడగలేదు. నేను కళ్ళు మూసుకుని నమ్మే ఒకే ఒక్క మాటను తీసుకెళ్ళి ఒక కారుకు మార్చుకున్నాడు. దాన్ని మాత్రం ఈరోజుకీ మింగలేకపోతున్నాను. లోపలినుంచి కాఫీ తెస్తున్న బావ భార్యకు దణ్ణం పెట్టి వచ్చేశాను.

కారు ఇప్పుడు నడుస్తోంది. ఒకటి రెండుసార్లు హైవే మీద ఎదురయింది. చాలా బాగుంది, ఆ మాట చెప్పకపోతే ఇన్నేళ్ళ వ్యాపారానికి తప్పు. పక్క సీటు ఖాళీగా ఉంది. పెళ్ళిళ్ళలో కనబడితే "బాగుండావా?" అంటే "బాగుండా" అనుకుంటాం. బేరాలకు నేను ఒక్కణ్ణే పోతున్నాను. నోరూ నేనే, కళ్ళూ నేనే. కారు కిందైనా, మోటారు కిందైనా ఈ వయసులో నేనే దూరుతున్నాను. చేతులకు గ్రీజు అంటాలన్న కోరిక ఆ రకంగా తీరింది. కొత్త అయస్కాంతం కొన్నాను. పాతదానంత గట్టిగా పట్టదు.

మొన్న గుమ్మంలో నిలబడి ఇదంతా తలుచుకుంటున్నానని మా ఆవిడకు తెలుసు. "బస్సు వెళ్ళిపోతుందండీ. పోయి చూసి రాండి," అంది. ఒక కాలి చెప్పు విడిచి ఇంటి వెనక్కి నడిచాను. తలుపు బార్లా తెరిచి ఉంది. మేకలు లేని ఊరయిపోయింది మాది. అయినా తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, ఒకసారి లాగి చూశాను. మా అమ్మ నోటినుంచి తలుపు కోసమే పుట్టిన మాట అది. నలభై ఏళ్ళు అంగడిలో కాపలా కాసి, అందరూ వెళ్ళిపోయాక, ముసలిదై మళ్ళీ తలుపు దగ్గరికే వచ్చి కూర్చుంది.