మూడో తాళంచెవి

పొద్దున్నే ఇంటికి తాళం వేశాక తాళాల మేస్త్రి దాన్ని గట్టిగా లాగి చూసేవాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి వచ్చి, మళ్ళీ లాగేవాడు. ఆస్పత్రి చాకిరేవులో దుప్పట్లు ఉతికే పనికి వెళ్ళే ఆయన భార్య బస్సు తప్పిపోతుందన్న తొందరలో కూడా ఒక మాట అనకుండా కదిలేది కాదు.

"ఏమండీ, అది తాళమా, పుచ్చిపన్నా? రోజూ అలా పీకితే ఎప్పుడో ఒకప్పుడు చేతిలోకి ఊడి వస్తుంది."

ఆయన నవ్వేవాడు కాదు. మిగతా విషయాల్లో సరదా మనిషే గానీ తాళం దగ్గర మాత్రం పూజలో కూర్చున్నవాడిలా ఉండేవాడు. ఆ తాళం కప్ప ఆయన చేతిపని. ఆకురాయి పట్టి, లోపలి పళ్ళు ఒక్కొక్కటీ అరగదీసి చేసుకున్నది. దానికి రెండే తాళంచెవులు. ఒకటి ఆయన నడుము గుత్తిలో, రెండోది ఆవిడ చేతిసంచిలో. దుకాణానికి వచ్చినవాళ్ళతో, "మా ఇంటి తాళానికి మూడో చెవి పుట్టలేదు, పుట్టదు కూడా," అని చెప్పుకునేవాడు.

అలాంటి మనిషి ఇంట్లో దొంగలు పడ్డారు. సాయంత్రం వచ్చేసరికి తాళం వేసింది వేసినట్టే ఉంది. వెనక కిటికీని చట్రంతో సహా పెకలించి, పగలకుండా గోడకు ఆనించి, లోపలికి దూరారు. కుట్టుమిషనూ, ఫ్యానూ, ఆవిడ దాచుకున్న చెవికమ్మలూ పోయాయి. ఆవిడ కమ్మల కోసం ఏడ్చింది. ఆయన మాత్రం తలుపుకు వేలాడుతున్న తాళాన్ని చూస్తూ నిలబడిపోయాడు.

మర్నాడు టీకొట్టతను వీధంతా వినేట్టు అన్నాడు. "మేస్త్రీ, వాళ్ళెవరో గానీ మర్యాదస్తులయ్యా! నీ తాళం మీద చెయ్యి వెయ్యలేదు. అదొక్కటైనా దక్కింది నీకు!"

అందరూ నవ్వారు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వును ఆయన చాలాకాలం మోశాడు. ఆ పూట తాను టీ డబ్బులు ఇవ్వబోతే టీకొట్టతను చెయ్యి వెనక్కి తోసేశాడన్న సంగతి మాత్రం గుర్తు పెట్టుకోలేదు. మనం మోసేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటివే.

వారం తిరక్కుండా గోడల మీద గాజుపెంకులు పాతించాడు. అదే అచ్చులో ఇంకో రెండు కప్పలు చేసి, ఒకటి గేటుకు బిగించి, ఒకటి పక్కన పెట్టాడు. తరవాత ఒక పెద్దజాతి కాపలా కుక్కను తెస్తానన్నాడు.

"పొద్దున పోతే సాయంత్రం వస్తాం. దాన్ని ఎవరు చూస్తారు?" అంది భార్య.

"అది మనింటిని చూడ్డానికే, మనం దాన్ని చూడ్డానికి కాదు."

"ప్రాణమున్నదాన్ని తాళం కప్పలా వేలాడదీస్తారా?"

ఆయన విసుక్కుని గాజుపెంకుల గోడ చూడ్డానికి వెళ్ళిపోయాడు.

దిక్కులేని కుక్కల్ని సాకే ఒక ఆశ్రమం ఊరి అంచున ఉంది. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఒకావిడ దాన్ని నడిపేది. భార్యాభర్తలు అక్కడికి వెళ్తే ఒక మగకుక్క కనిపించింది. దున్నపిల్లంత ఒళ్ళు, వేలాడే దవడలు, నల్లటి మొహం. దాన్ని పెంచిన కుటుంబం ఇల్లు మారుతూ వదిలేసి పోయిందట. మేస్త్రిని చూసి అది లేచి నిలబడింది, అంతే. మొరగలేదు. దాని ఛాతీ చూసి ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. దీన్ని గేటు దగ్గర చూస్తే ఏ దొంగకైనా పై ప్రాణాలు పైనే పోతాయి!

"మీ ఇంట్లో పగటిపూట ఎవరుంటారండీ?" అని అడిగింది ఆశ్రమం ఆవిడ.

"అంటే... మా ఇద్దరికీ ఉద్యోగాలమ్మా."

"అయితే కష్టం. ఇది కాపలా జాతే, కాదనను. కానీ ఇది కాసేది మనిషిని, గోడల్ని కాదు. ఖాళీ ఇంట్లో పొద్దంతా ఒంటరిగా ఉంచితే బెంగపెట్టుకుంటుంది. పనులకు వెళ్ళేవాళ్ళు పెంచకూడదని కాదు. పగలు ఒక్కసారైనా దాన్ని పలకరించే దిక్కు ఉండాలి, అంతే."

ఆ క్షణంలో మేస్త్రి కళ్ళముందుకు పక్కింటి పిన్నిగారు వచ్చింది. పిన్నిగారంటే బంధువేమీ కాదు. వయసు మళ్ళిన ఒంటరి మనిషి. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని మెల్లగా ప్రార్థన చేసుకుంటుంది, తరవాత పాతబట్టలకు అతుకులు వేస్తూ పొద్దు గడుపుతుంది. వీధిలో అందరూ పిన్నిగారనే పిలుస్తారు. మేస్త్రికి ఆవిడతో తల ఊపే పరిచయమే.

"మా పిన్ని ఉంటుందమ్మా," అన్నాడు తడుముకోకుండా. "పక్కనే. పొద్దంతా ఇంట్లోనే. ఆవిడకి జంతువులంటే ప్రాణం."

భార్య తలెత్తి చూసి మళ్ళీ తల దించుకుంది. ఆశ్రమం ఆవిడ ఇద్దరి మొహాలూ చూసి, "అలాగైతే మంచిదే. ఎప్పుడైనా చెప్పకుండా వచ్చి చూసి వెళ్తాను," అని గొలుసు ఆయన చేతికిచ్చింది.

కుక్కకు పేరు భార్యే పెట్టింది. "కూర్చున్నచోటికే అన్నీ రావాలి. పిలిస్తే పలకడు. తిండి దగ్గర మొహమాటం లేదు. మనకి కూతుర్ని ఇవ్వకపోయినా దేవుడు అల్లుణ్ణి మాత్రం ఇచ్చాడు," అంది. అలా అది అల్లుడైంది. సాయంత్రాలు ఆవిడ వచ్చి మెట్టు మీద కూర్చుంటే అది అంత పెద్ద తలనూ ఒళ్ళో పెట్టి కళ్ళు మూసుకునేది. ఆవిడ చేతులు సబ్బునీళ్ళకు పగిలి ఉండేవి. అది వాటిని నాకేది.

పగటిపూట సంగతి వేరు. వాళ్ళు వెళ్ళిన వైపే చూస్తూ గేటు దగ్గర నిలబడేది. ఎండెక్కేకొద్దీ ఊళపెట్టేది. గేటు చెక్కలు కొరికింది. ఒకరోజు గేటు మీదికి ముందుకాళ్ళు వేసి లేస్తే ఉత్తరాలతను సైకిలు మీంచి పడిపోయాడు. ఆ మర్నాటినుంచి మేస్త్రి దాన్ని ముంగిట్లోని ఇనప స్తంభానికి గొలుసుతో కట్టి, పక్కన పెట్టిన ఆ మూడో కప్ప తెచ్చి గొలుసుకు వేశాడు. ఇంటికీ, గేటుకూ, గొలుసుకూ ఒకటే చెవి.

ఒక సాయంత్రం పిన్నిగారు గోడ అవతలినుంచి పిలిచింది.

"నాయనా, ఏమీ అనుకోకు. మీరు వెళ్ళాక అది మొరగడం కాదు, ఏడుస్తోంది. స్టూలెక్కి నేను కాసేపు మాట్లాడితే ఊరుకుంటోంది. గొలుసైనా కాస్త పొడుగు చెయ్యి బాబూ."

మేస్త్రికి ఎక్కడో తగిలింది. ఆశ్రమంలో ఈవిణ్ణి అడ్డుపెట్టి ఆడిన అబద్ధం గుర్తొచ్చి ఉంటుంది. తప్పు తనదైనప్పుడు ఎదుటివాళ్ళ మీద ఎగరడం తేలిక.

"కాపలా కుక్కతో ముచ్చట్లు పెడితే రేపు అది దొంగతో కూడా పెడుతుంది పిన్నిగారూ. మీకు పొద్దుపోకపోతే ఇంకేదైనా చూసుకోండి."

"సరే నాయనా," అని ఆవిడ స్టూలు దిగిపోయింది.

ఎండలు ముదిరాయి. ఆ రోజు మేస్త్రికి ఊరిచివర గిడ్డంగిలో పని. తలుపులన్నిటికీ కొత్త తాళాలు బిగించాలి. మధ్యాహ్నం ఫోను మోగింది. టీకొట్టతను. 'మళ్ళీ ఏదో ఎగతాళికే,' అనుకుని తియ్యలేదు. మళ్ళీ మోగింది. ఫోను నోరు నొక్కి జేబులో పడేశాడు. చాకిరేవులో పనివాళ్ళ ఫోన్లు బీరువాలో పెట్టిస్తారు కాబట్టి భార్యకు కబురందే దారి లేదు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి గేటు ముందు జనం. గేటు తాళం మీద రాతిదెబ్బల గుంటలు. ఎవరో బలంకొద్దీ బాదారు. కప్ప చెక్కుచెదరలేదు.

అది చూడగానే ఆయనకు మొదట కలిగింది గర్వం. రెప్పపాటు సేపే. కానీ కలిగింది. ఆ రెప్పపాటును ఆయన బతికినన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, భార్యకు తప్ప.

"ముందు గేటు తియ్యవయ్యా!" అని టీకొట్టతను అరిచాడు.

లోపల ముంగిలంతా నీళ్ళు. అల్లుడు స్తంభం చుట్టూ తిరిగి తిరిగి గొలుసును మొత్తం చుట్టేసుకుంది. తల కదపడానికి జానెడు చోటు కూడా లేదు. నీళ్ళ బేసిను బోర్లాపడి అందనంత దూరం దొర్లింది. నీడ ఎప్పుడో గోడకిందికి వెళ్ళిపోయింది. దాని ఒంటి మీద తడి దుప్పట్లు. గోడపై గాజుపెంకుల మీదుగా ఒక నీళ్ళగొట్టం, దాని కొస పట్టుకుని స్టూలు మీద పిన్నిగారు. బొటనవేలితో గొట్టం నోరు నొక్కి కుక్క మొహం మీదికి జల్లు కొడుతోంది. గొంతు బొంగురుపోయింది, అయినా మాట ఆపలేదు. "వస్తున్నార్రా నాన్నా, ఇదిగో వచ్చేశారు. మా బాబువి కదూ, ఇంకొంచెం ఓర్చుకో." ఆవిడ మోచేతి దగ్గర గాజు గీసుకుని నెత్తురు గడ్డకట్టి ఉంది. టీకొట్టతను కొట్టు కట్టేసి, తన పరదాపట్టా తెచ్చి, కర్రల మీద గోడవతలినుంచి నీడ పట్టాడట. గేటు దూకి దాని దగ్గరికి పోయే ధైర్యం మరెవరికీ లేదు, ధైర్యమున్న పిన్నిగారికి గేటు దూకే వయసు కాదు.

మేస్త్రి చేతిలోంచి తాళంచెవి రెండుసార్లు జారిపోయింది. గొలుసు ఊడగానే అల్లుడు లేవబోయి కూలబడింది. నీళ్ళు తాగింది. తాగాక మొహం తిప్పి గోడవైపు చూసింది.

అప్పుడు కనిపించాయి రబ్బరు బూట్లు. ఆశ్రమం ఆవిడ ఎప్పుడు వచ్చిందో, జనంలోంచి ముందుకు వచ్చి కుక్క చిగుళ్ళు వేలితో నొక్కి చూసింది, గుండె మీద చెయ్యి వేసింది. తరవాత తలెత్తి, "అమ్మా, ఈయన పిన్ని మీరేనా?" అని గోడ మీదికి అడిగింది.

మేస్త్రి కళ్ళు నేలకు అంటుకుపోయాయి. అబద్ధం ఆడదని వీధిలో అందరికీ తెలిసిన మనిషి పిన్నిగారు. ఎవరి కొట్లాటలోనైనా ఆవిడ మాటే ఆఖరిమాట.

"అవునమ్మా," అంది పిన్నిగారు. "నేనే."

ఆశ్రమం ఆవిడ ఆమెను చూసింది. గాజుపెంకుల్ని, తడిసిన దుప్పట్లని, గుంటలు పడ్డ తాళాన్ని చూసింది. ఆఖరున మేస్త్రిని చూసింది. గొంతు పెంచలేదు.

"మీ పిన్నిగారి దగ్గర ఒక తాళంచెవి ఉండాల్సిందండీ," అంది. "ఆదివారం వస్తాను. ఆ రోజు ఆవిడ చేతిలో తాళంచెవైనా ఉండాలి, నా చేతిలో కుక్కైనా ఉండాలి."

ఆవిడకు అంతా తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది. నలుగురిలో తిట్టకుండా వదిలేసింది. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేవాడేమో.

భార్య వచ్చి విషయం విని, అల్లుడి పక్కన నేల మీద కూర్చుంది. దాని తల ఒళ్ళోకి తీసుకుని, "ఆశ్రమంలో ఆ రోజు నేను కూడా నోరు మూసుకున్నాను," అంది. అంతకన్నా పెద్ద తిట్టు ఆయన ఎరగడు.

మర్నాడు తాళం వేశాక ఆయన లాగి చూడలేదు. అల్లుణ్ణి వెంట తీసుకుని దుకాణానికి వెళ్ళాడు. దుకాణమంటే రెండు గోడల మధ్య మనిషి అడ్డంగా తిరగలేనంత సందు. అల్లుడు పడుకుంటే మేస్త్రి వీధిలో నిలబడాలి. అలాగే నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు అల్లుడి నల్లటి మొహం చూసి వీధి అవతలినుంచే తిరిగిపోయారు. "తాళాల కొట్టుకి ఇంత కాపలానా మేస్త్రీ!" అని టీకొట్టతను నవ్వాడు. ఈసారి మేస్త్రి కూడా నవ్వబోయి, అతని వైపు తిరిగి, "నువ్వు ఫోన్ చేస్తే తియ్యలేదు," అన్నాడు. టీకొట్టతను గిన్నె కడుగుతూ, "ఊరుకో ఊరుకో, టీ తాగు," అన్నాడు.

ఇలా ఎన్నాళ్ళో సాగదని మేస్త్రికి తెలుసు. శనివారం కొట్టు కట్టేయకముందు ఆకురాయి తీశాడు. ఎప్పుడూ పుట్టదన్న ఆ మూడో చెవిని తన చేత్తోనే చేశాడు.

ఇన్నేళ్ళలో ఆయన పిన్నిగారి గడప తొక్కడం అదే మొదలు. అల్లుడు మాత్రం తెలిసిన ఇంటికి వచ్చినట్టు ఆయన్ని తోసుకుని లోపలికి పోయి ఆవిడ పాదాల దగ్గర పడుకుంది. ఆవిడ ఆ రోజు దుప్పట్లకే అతుకులు వేస్తోంది. గాజుపెంకులకు చీలికలు పీలికలయ్యాయి అవి.

"కూర్చో నాయనా."

ఆయన కూర్చోలేదు. "పిన్నిగారూ, ఆ రోజు నాకోసం మీరు..."

"నీకోసం కాదు," అంది ఆవిడ సూది దించకుండా. గొంతులో కోపం లేదు. "నేను కాదంటే ఆవిడ దీన్ని అప్పుడే తీసుకుపోయేది. నా గొంతు విని ఇది తోక ఆడిస్తోంది. ఎలా కాదంటాను? కానీ మర్నాడు పొద్దున దేవుడి ముందు కూర్చుంటే నాకు మాట రాలేదు బాబూ. ఏమని మొదలుపెట్టాలో తెలీలేదు."

తాను ఆడిన మాట ఎక్కడిదాకా వచ్చి కూర్చుందో మేస్త్రికి అప్పుడర్థమైంది. గుత్తిలోంచి కొత్త తాళంచెవి తీసి, రెండు చేతుల్లో పెట్టుకుని ముందుకు చాపాడు.

"నేను మిమ్మల్ని అనరాని మాట అన్నాను. అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను పిన్నిగారూ. గొలుసు తీసేశాను, మళ్ళీ వెయ్యను. మధ్యాహ్నం నేను తిండికి ఇంటికే వస్తాను. రేపు ఆవిడొచ్చాక నా అబద్ధం నేనే ఒప్పుకుంటాను, మీ మాట మీదికి రానివ్వను. ఇది మా గేటుకీ, ఇంటికీ కూడా పడుతుంది. పగలు మీకు వీలైనప్పుడు ఒక్కసారి తలుపు తీసి, దీని దగ్గర కాసేపు కూర్చుంటారా? బరువనిపిస్తే ఇప్పుడే చెప్పండి, రేపు నా చేత్తోనే ఆవిడకి అప్పగించేస్తాను. బరువు కాదంటే... ఆ రోజు గోడ మీదినుంచి మీరు చెప్పిన మాట ఉందే, అది నిజం చేసుకోనిస్తారా?"