రెండు సీట్ల కారు పంపకం

పాత కార్లు చూసి ధర చెప్పడం నా పని. అమ్మేవాడు ఇంత తక్కువా అంటాడు, కొనేవాడు ఇంత ఎక్కువా అంటాడు. ఇద్దరూ మొహం మాడ్చుకుంటే నా లెక్క సరిగ్గా వచ్చినట్టే. మొదట్లో ఇన్సూరెన్స్ వాళ్ల తరఫున యాక్సిడెంట్ బండ్లు చూసేదాన్ని, ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నాను. ఆడమనిషి బానెట్ ఎత్తితే చుట్టూ జనం మూగడం ఇంకా పోలేదు. మూగనీ, నాకేం. ఫీజు మాత్రం ముందే తీసుకుంటాను.

హబ్సిగూడలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఒక్కదాన్నే ఉంటాను. కింద కోచింగ్ పిల్లల హాస్టళ్లు, సందు నిండా పొద్దస్తమానం గోల. ఆ గోలలో నన్ను పిలిచే గొంతు ఒక్కటీ ఉండదు. నా ఫోన్ మోగిందంటే అవతల ఎవరిదో కారు ఉందని అర్థం. నేనెలా ఉన్నానో కనుక్కోవడానికి ఎవరూ చేయరు.

ఉప్పల్ నుంచి వచ్చిన ఫోన్ కూడా అలాంటిదే. పాత ఊరి ఇరుకు సందులో పెద్ద వాకిలి ఉన్న ఇల్లు. అరవై దాటిన మనిషి గేటు తీశాడు. ఒకప్పటి వ్యవసాయ కుటుంబం. పొలాలు ప్లాట్లయిపోగా వచ్చిన డబ్బుతో అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్న కారట. ఒకప్పుడు బర్రెలు కట్టేసిన కొట్టంలో, రేకుల కింద ఉంది. రెండే సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ కప్పు, కంపెనీది కాని, కళ్లు చెదిరే నారింజ రంగు. నాకు ఒళ్లు మండింది. ఇలా మార్పులు చేసిన బండ్లంటే నాకు ముందునుంచీ పడదు.

"రెండు బకెట్ల నీళ్లు కావాలన్నా" అన్నాను.

"తాగనీకా చెల్లె?"

"కారు మీద పోయనీకి."

కప్పు మడిచే కారు ధర తేలాలంటే ముందు నీళ్లు పోయాలి. ఇంజన్ ఎంత బాగున్నా, కప్పు కారితే లోపల కార్పెట్ కుళ్లి వాసనొస్తుంది, సీట్ల కింద వైర్లు తుప్పు పడతాయి. కప్పు మూయించి, అంచుల వెంట నెమ్మదిగా పోస్తూ, మ్యాట్ల కింద చెయ్యి పెట్టి చూశాను. ఎడమ పక్క చుక్క దిగలేదు. కుడి పక్క, డ్రైవర్ వైపు, తడి తగిలింది.

"గటు దిక్కు కారుతదని మావోనికి ఎర్కనే. నా దిక్కే ముందు కుట్టిచ్చిండు" అన్నాడాయన. మావోడంటే తమ్ముడు. నాచారంలో ఇనుప గేట్లు చేసే షెడ్డు ఆయనది. ఈ కారుకు చేసిన మార్పులన్నీ ఆ షెడ్డులోనే చేశాడు. వెడల్పు టైర్లు వేశాడు, బండిని కిందికి దించాడు, సైలెన్సర్ మార్చి వీధి వీధంతా వినబడేలా చేశాడు. ఆర్‌సీలో తెలుపు అని ఉన్న కారు రోడ్డు మీద నారింజ రంగులో తిరుగుతోంది. అన్నిటికీ కలిపి ఎనిమిది లక్షలకు పైనే పెట్టాడట.

"పాత సామాను ఏం జేసిన్రు?" అని అడిగాను. తీసేసిన అసలు భాగాలు దొరికితే కొనేవాడికి కొంత ధైర్యం ఉంటుంది, ధర కొంచెం నిలబడుతుంది. ఆయన నన్ను మెట్ల కింది గదిలోకి తీసుకుపోయాడు. తమ్ముడు పీకి పారేసిన ప్రతి ముక్కనూ గోనెసంచుల్లో చుట్టి దాచాడు, పాత అద్దాలతో సహా. ఇంతమంది ఇళ్లలో బండ్లు చూశాను గానీ ఇంత పద్ధతిగా దాచినవాళ్లను చూడలేదు.

తరువాత నడిపి చూడాలన్నాను. తాళం చెవి నా చేతిలో పెట్టి, తాను పోయి ఎడమ పక్క కూర్చున్నాడు.

"నాకు డ్రైవింగ్ రాదు చెల్లె. మా తమ్ముడే నడుపుతుండె. నేను గీ సీట్లనే కూసుంటుంటి."

మెట్రో పిల్లర్ల కింద హబ్సిగూడ దాకా పోయి, నాచారం వైపు తిప్పాను. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కారు అడుగు గీసుకునేది, ఆయన నాకంటే ముందే "జర అడ్డంగ ఎక్కియ్యి" అనేవాడు. దారిలో సంగతంతా చెప్పాడు. తల్లి పోయాక పంపకాలు మొదలయ్యాయి. బోరు ఎవరి వైపు పడాలన్న దగ్గర మాటామాటా పెరిగి ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి. తమ్ముడు నాచారంలో షెడ్డు వెనకాలే ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాడు. అన్నీ పంచుకున్నారు, ఈ కారు ఒక్కటే మిగిలింది.

"పంచుడు పెద్దోని పని, ముందుగాల కోరుకునుడు చిన్నోని పని. మా ఇండ్లల్ల గట్లనే నడుస్తది. ధర నేను కట్టాలె. కారు కావాల్నో, సగం ధర పైసలు కావాల్నో వాడు కోరుకుంటడు."

మంచి పద్ధతే అనుకున్నాను. ధర కట్టేవాడికి ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి మోసం చేయలేడు. కానీ ఈయన నా వైపు వంగి, గాలిలో వినబడేలా గట్టిగా అన్నాడు.

"నువ్వు జర తక్వ రాయి చెల్లె. అగ్గువకొస్తె వాడే తీస్కుంటడు. పైసలద్దని ఊకె ఇస్తనంటె తీస్కోడు, రోషమెక్కువ."

"నేను ఉన్న ధరే రాస్త అన్నా. తక్వ రాయ, ఎక్వ రాయ."

"ఉన్న ధర ఎంతుంటది?"

"పన్నెండు లక్షలు."

ముప్పై పైన పెట్టి కొన్న కారు. చేసిన మార్పులకు పైసా రాకపోగా, వాటివల్లే ధర ఇంకా పడిపోయింది. రంగు ఆర్‌సీతో కలవదు, సైలెన్సర్‌కు చలాన్లు, తిరిగి మామూలుగా మార్చడానికి ఖర్చు. ఇంకొకడి ముచ్చటకు డబ్బులిచ్చేవాడు ఎక్కడా ఉండడు. ఇదంతా నేను చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. నా నోట తక్కువ ధర విని సంతోషించిన యజమాని ఆయనొక్కడే.

"గింత తక్వనా! అయితె వాడే తీస్కుంటడు తియ్యి" అన్నాడు. నాకూ అలాగే తోచింది. బుద్ధున్నవాడెవడైనా ఆరు లక్షలిచ్చి ఆ కారు ఉంచుకుంటాడు.

ఇలాంటి ధరలు నా సొంత ఇంట్లోనూ ఒకసారి కట్టాను. విడాకులప్పుడు ఫ్రిజ్ నుంచి మంచం దాకా దేనికెంతో నేనే రాశాను, మా ఆయన ఒక్కదానికీ పేచీ పెట్టలేదు. ఎవరికీ అన్యాయం జరగలేదు. కొట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి ఆ తరువాత ఎవరమూ ఎవరికీ ఫోన్ చేసుకోలేదు. ఆ ఫ్రిజ్ నా దగ్గరే ఉంది.

తమ్ముడు వచ్చే రోజు నన్ను కూడా రమ్మన్నారు. ఆయన వాకిట్లోనే నిలబడ్డాడు, కుర్చీ వేస్తే కూర్చోలేదు. అన్న అరుగు మీద నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. నేను ధర చదివాను.

"నా చెయ్యి పడ్డ బండికి గింతేనా?" అన్నాడు తమ్ముడు.

"మార్కెట్ల మార్చిన సామానుకు విలువుండదన్నా" అని మొదలుపెట్టాను. టైర్లు, రంగు, చలాన్లు, అన్నీ వివరించాను. నాకు తెలిసింది అదొక్కటే.

"మార్కెట్ సంగతి నేనడుగుతలేను మేడం. ధర కట్టింది మా అన్న. ఆయన గింతే అనుకున్నడా అని అడుగుతున్న."

అన్న తలెత్తాడు. నీకోసమే, నువ్వు ఉంచుకుంటావనే ఒప్పుకున్నాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేనే అనేద్దామా అనుకున్నాను. ఈలోపు ఆయన నోరు విప్పాడు.

"ఇష్టముంటె తీస్కో."

"లేకుంటె?"

"లేకుంటె నేనే ఉంచుకుంట."

"ఉంచుకో. నా సగం నాకియ్యి" అన్నాడు తమ్ముడు. తన దగ్గరున్న రెండో తాళం చెవి గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఒక్క రూపాయి తేడా లేకుండా నేను కట్టిన ధర అది. ఇప్పటికీ అడిగితే అదే చెబుతాను. అయినా ఆ రోజు మెట్రో స్టేషన్ దాకా నడుస్తుంటే ఏడుపొచ్చింది.

నడపడం రాని మనిషికి కారు మిగిలింది. కొన్నాళ్లకు ఆయన ఫోన్ చేశాడు. బ్యాటరీ పోతుందట, ఒకసారి వచ్చి స్టార్ట్ చేసి పొమ్మన్నాడు. ఫీజు మాట నేను ఎత్తలేదు. అప్పటినుంచి ఐతారం వస్తే ఉప్పల్ పోతున్నాను. కప్పు మడిచి ఆయన్ను ఎడమ పక్క కూర్చోబెట్టుకుని తిప్పుకొస్తాను. సిగ్నళ్ల దగ్గర అందరూ మమ్మల్ని చూసి నవ్వుతారు. నా పక్కన ఒక మనిషి ఉన్నాడన్న సంతోషం కొంతసేపు ఉంటుంది. కానీ ఆయన నాతో వచ్చినవాడు కాడు, తమ్ముడి పక్కన కూర్చున్నవాడు. అది నాకు తెలుస్తూనే ఉంటుంది.

పోయిన ఐతారం నాచారం పారిశ్రామికవాడలోకి పోనిమ్మన్నాడు. తమ్ముడి షెడ్డు ఉన్న వీధి. షెడ్డు గేటు తీసి ఉంది. ఎదుట తమ్ముడు నిలబడి ఉన్నాడు. చప్పుడు దూరంనుంచే గుర్తుపట్టి బయటికి వచ్చినట్టున్నాడు. మేం దాటుతుంటే అన్న వైపు చూడకుండా నాతో అన్నాడు.

"మేడం, సెకండ్ గేర్ల అంత లాగకున్రి. క్లచ్చి పోతది."

వీధి చివరదాకా వచ్చాం. ఈయన ముందుకే చూస్తున్నాడు.

"ఏమన్నడు?"

తను విన్నాడని నాకు తెలుసు. అయినా చెప్పాను.

"గట్లనా" అన్నాడు. పక్క అద్దంలో వెనక్కి చూసి, "జర మళ్ల తిప్పు చెల్లె" అన్నాడు.

లారీల మధ్య తిప్పుకోవడానికి టైం పట్టింది. ఈసారి సెకండ్ గేర్‌లో అస్సలు లాగకుండా మెల్లగా తెచ్చాను. షెడ్డు గేటు మూసి ఉంది. ఆయన ఆ గేటు దాటేదాకా చూసి, తల ఇటు తిప్పుకున్నాడు.

"అన్నం టైం గదా. లోపటికి పోయిండు" అన్నాడు.

"అవునన్నా" అన్నాను.

ఉప్పల్ వచ్చాం. కారును కొట్టంలో పెట్టి కప్పు మూశాను. తాళం చెవి తీసుకుంటూ ఆయన అడిగాడు.

"మళ్ల ఐతారం వస్తవా చెల్లె?"

వస్తానన్నాను. ఐతారం పూట నన్ను రమ్మనేవాళ్లు ఇంకెవరూ లేరు.