మా ఇంట్లో అనకూడని మాట

మా ఇంట్లో "పోయింది" అనకూడదు. "నా దువ్వెన పోయిందండీ" అన్నానా, మా ఆయన పేపరు దించి, "పోయిందా? ఎవరైనా తీశారా? రెండూ ఒకటి కాదు" అంటారు. ఇరవై రెండేళ్లుగా ఇదే నస. వాళ్లమ్మగారు పోయినప్పుడు ఒక్కసారే ఆ మాటకు అడ్డు చెప్పలేదు.

ఆయన ఉద్యోగం పోలీసు శాఖలో, నేరాల లెక్కలు చూసే విభాగంలో. లాఠీ లేదు, టోపీ లేదు. ఒక కంప్యూటరు, ఒక కాలు ఊగే కుర్చీ. నెలనెలా స్టేషన్ల నుంచి వచ్చే అంకెలను పట్టికల్లోకి ఎక్కిస్తారు. అవన్నీ కలిపి ఏటా దేశం మొత్తానికి ఒక లావుపాటి పుస్తకం వేస్తారు. అది చూసి మా తమ్ముడు "అబ్బో, ఫలానా చోట దొంగలే లేరట బావా" అన్నాడంటే ఇక అంతే సంగతులు.

"అది దొంగతనాల లెక్క కాదురా నాయనా, రాసుకున్న దొంగతనాల లెక్క! రాయడం మానేస్తే దొంగలు మాయమవుతారా?" అని ఈయన మొదలుపెడితే అందరి కంచాల్లో అన్నం చల్లారాల్సిందే.

నిరుడు మా పేట స్టేషను నుంచి వచ్చిన ఏడాది లెక్కల కాగితం ఆయనకు పిచ్చెక్కించింది. దొంగతనాలు సున్నా. పోగొట్టుకున్న వస్తువులు మూడు వందల పన్నెండు. అందులో మోటారు సైకిళ్లే నలభై ఒకటి.

"మోటారు సైకిల్ ఎలా పోగొట్టుకుంటారే? జేబులోంచి జారిపడుతుందా?" అని నా మీద అరిచారు, అదేదో నేను రాసినట్టు. జనం వెళ్లి "బండి పోయిందండీ" అనడం, స్టేషనువాళ్లు ఆ మాట పట్టుకుని "పోగొట్టుకున్నారు" అని రాసేసుకోవడం. పైఅధికారికి చెబితే, "మీ పని కూడటం. కూడండి" అన్నారట. ఈయన కూడారు. పేట బంగారంగా ఉందని తేలింది. అంత బంగారంలాంటి చోట పోలీసులెందుకని మా సందు మొదట్లో ఉన్న అవుట్‌పోస్టు ఎత్తేశారు.

నేను ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. పొద్దుగూకాక ఆ సందులోంచే నడిచి రావాలి. ఆ అవుట్‌పోస్టులో ఉండేది ఇద్దరు కానిస్టేబుళ్లూ ఒక ట్యూబులైటే. కానీ ఆ వెలుగు చూసుకునే నాకు ధైర్యం.

"మీ పట్టికే కదండీ దాన్ని పీకేసింది!" అని కడిగేశాను. ఆయన అన్నం సగంలోనే వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నారు.

రెండు వారాలు తిరక్కుండానే, బండి మీద ఇద్దరు వచ్చి నా బ్యాగు లాగారు. రోడ్డు మీద బోర్లా పడ్డాను. మోకాలు దోక్కుపోయింది. ఏడుస్తూ స్టేషనుకు వెళితే, ఫిర్యాదులు రాసుకునే రైటరు మంచినీళ్లిచ్చాడు, పాపం. నేను చెప్పింది రాసుకుని చదివి వినిపించాడు: "బ్యాగు పోగొట్టుకున్నట్లు..."

నాకు ఒళ్లు మండింది. "పోగొట్టుకోలేదు. లాక్కెళ్లారు. రెండూ ఒకటి కాదు!" అన్నాను. అన్నాక తెలిసింది, అవి ఎవరి మాటలో.

"అలా రాస్తే ఏడాదిగా ఉన్న సున్నా పోతుందమ్మా" అన్నాడు రైటరు.

"పోనివ్వండి."

నేను రెండు గంటలు బల్ల మీంచి కదల్లేదు. చివరికి రైటరు విసుక్కుంటూ కాగితం మార్చాడు.

నెలాఖరున ఆ అంకెను పట్టికలోకి ఎక్కించాల్సింది మా ఆయనే. పైఅధికారి కేకేసి, "ఈ ఒకటి ఎక్కణ్ణుంచి ఊడిపడిందయ్యా? ఎవరిది?" అని అడిగారట.

"మా ఆవిడదండీ" అన్నారట ఈయన. ఇంటికొచ్చి అది చెబుతూ నా మోకాలి కట్టు వంక చూశారు.

అవుట్‌పోస్టు మాత్రం రాలేదు. ఒక్క అంకెకు రాదట! నేను మళ్లీ ఆ చీకట్లోనే బిక్కుబిక్కుమంటూ నడుస్తున్నాను. నా బ్యాగు కేసు సంగతి సందంతా పాకింది.

మొన్న ఆదివారం పొద్దున్నే తలుపు చప్పుడైతే తీశాను. గుమ్మంలో పాలు పోసే ఆయన, వెనక ఎదురింటి టైలరు, ఇంకో నలుగురు.

"సారున్నారా అమ్మా?" అన్నాడు పాలాయన. "నా బండి కూడా పోలేదు. ఎత్తుకెళ్లారు."