ఒంటిచేతి దేవుడు

ఆ కామిక్స్ కంపెనీలో ఆమెను అందరూ సిరా అక్క అనేవారు. వేరొకరు పెన్సిలుతో వేసిన బొమ్మల మీద బ్రష్షుతో సిరా దిద్దడం ఆమె పని. ఎంత రుద్ది కడిగినా గోళ్ల సందుల్లో నలుపు వదిలేది కాదు. పై అంతస్తులో బొమ్మలు తయారయ్యేవి, కింది అంతస్తులో అచ్చయ్యేవి. ఆమె భర్త కింద కాగితం కోసే మిషన్ మీద పనిచేసేవాడు. ఆయన కోసిన పుస్తకం అంచు అద్దంలా ఉంటుందని పేరు. మధ్యాహ్నం ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఒకే డబ్బాలోంచి తినేవారు.

ఒక వానాకాలం ఆ మిషన్ ఆయన కుడి చేతిని మణికట్టు దాకా మింగేసింది.

"పరధ్యానంలో ఉన్నాను. తప్పు నాదే" అని ఆసుపత్రి మంచం మీదినుంచి ఆయనే అందరికీ చెప్పాడు. కంపెనీ యజమాని పళ్ల సంచీతో వచ్చి, ఆమె ఉద్యోగానికి ఢోకా లేదని మాటిచ్చి వెళ్లాడు. ఈ కాలంలో ఇలాంటి మనిషి దొరకడం మన అదృష్టం అనుకుందామె. అందరూ ఆయన్ని పెద్దాయన అనడం ఊరికే కాదనుకుంది.

ఇంటికొచ్చాక భర్త కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాయే. కుడిచేతి కొసను మడిచి పిన్నీసు పెట్టుకునేవాడు. అత్తగారు ముద్దలు కలిపి నోట్లో పెట్టేది, స్నానం చేయించేది, గుండీలు పెట్టేది. భార్య గదిలోకి వస్తే ఆయన గోడవైపు తిరిగేవాడు. తెగిన చోటు ఎలా ఉంటుందో ఆమె అప్పటిదాకా చూడనే లేదు. చూపించమని అడిగే ధైర్యమూ చెయ్యలేదు.

అలా ఉండగా, పెన్సిలు బొమ్మలు వేసేవాడు ప్రకటనల కంపెనీలో చేరిపోయాడు. పెద్దాయన ఆమెను పిలిచి, "ఇకనుంచి మొత్తం బొమ్మ నీదే. కొత్త హీరో కావాలి. ఉత్తరపు మంచుదేశాల పాత దేవుళ్లంటే పిల్లలు పడి చస్తున్నారు" అన్నాడు.

"సుత్తి పట్టుకున్న దేవుణ్ణి మాత్రం ముట్టుకోకూడదు, ఆయన్ని ముందే బొమ్మకెక్కించిన కంపెనీవాళ్లు కోర్టుకీడుస్తారు" అన్నాడు పక్కనే ఉన్న రచయిత. మెత్తటి మనిషి, కళ్లజోడు తుడుచుకుంటూ మాట్లాడడం అతనికి అలవాటు. వారం రోజులు గ్రంథాలయంలో కూర్చుని, చివరికి టీర్ అనే దేవుణ్ణి పట్టుకొచ్చాడు.

టీర్ కథ అతను చెబుతుంటే ఆమె బ్రష్షు కింద పెట్టి విన్నది. దేవుళ్లు ఒక తోడేలు పిల్లను పెంచారు. అది పెరిగి పెరిగి వాళ్లకే గుండెదడ పుట్టించింది. దానికి తిండి పెట్టడానికి టీర్ ఒక్కడే దగ్గరికి వెళ్లగలిగేవాడు. సరదాగా ఆడుకుందామని నమ్మించి, ఒక మాయ పట్టీతో దాన్ని కట్టాలని దేవుళ్లు చూశారు. తోడేలుకు అనుమానం వచ్చింది. మోసం లేదంటే ఒకరు నా నోట్లో చెయ్యి పెట్టండి, అప్పుడు కట్టించుకుంటాను అంది. దేవుళ్లందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. టీర్ కుడి చెయ్యి పెట్టాడు. పట్టీ బిగిసింది, తోడేలు పళ్లు బిగించింది. దేవుళ్లంతా పగలబడి నవ్వారు. టీర్ నవ్వలేదు.

"అక్కా, ఈయనైతే మనకి... నీకు ఇబ్బందేమైనా..." అని రచయిత నసిగాడు.

"పనిలో ఇబ్బందేమిటి తమ్ముడూ" అని ఆమె కాగితం ముందుకు లాక్కుంది.

కానీ బొమ్మ పడలేదు. తోడేలు పడింది, మంచు పడింది, వీరుడి గడ్డం గాలికి ఎగురుతూ పడింది. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆమె దుప్పటో డాలో అడ్డం వేసేది. రచయిత చూసి, "ఇదేంటక్కా, చెయ్యి తెగినవాడా, చలేసి ముడుచుకున్నవాడా?" అన్నాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వేసి, నీళ్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆ ఆదివారం భోజనాలయ్యాక ఆమె భర్త ఎదురుగా నేల మీద కూర్చుంది. "ఏమండీ, ఒక్కసారి ఆ చెయ్యి చూపిస్తారా? బొమ్మ కోసం."

ఆయన గోడవైపు తిరిగాడు. అత్తగారు గిన్నె ఠపీమని పెట్టింది. "నా కొడుకు అవిటితనాన్ని బొమ్మలేసి అమ్ముకుంటావా? నీకసలు కడుపు తరుక్కుపోదూ?"

కొన్నాళ్లు ఇంట్లో ఆమె ఒక్కతే విడిగా తినేది. తర్వాత ఒక సాయంత్రం ఆమె బల్ల దగ్గర కాగితం చింపి పారేస్తుంటే, వెనక అడుగుల చప్పుడైంది. ఆయన పిన్నీసు పళ్లతో తీసుకుని, చొక్కా చెయ్యి పైకి తోశాడు.

"చూడు. చూసి సరిగ్గా వెయ్యి" అన్నాడు.

తెగిన కొస మొద్దుగా, ఒక పక్కకి లాగేసినట్టు కుట్ల ముడుతలతో ఉంది. ఆమె దీపం దగ్గరికి జరిపి గీసింది. ఆయన మెడ వంచి చూస్తూ, "కత్తి ఒర అటువైపు పెట్టావేం? ఎడంచేత్తో దూసేవాడికి కుడి నడుముకి ఉండాలి. దూకేటప్పుడు భుజం ఇలా పడిపోతుంది, చూడు" అని లేచి నిలబడ్డాడు. ఆ ఇరుకు గదిలో ఆయన దూకాడు, ఒరిగాడు, లేని కత్తి దూశాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆనాటినుంచి టీర్ నడకంతా ఆయన నడకే. బొమ్మ కోసమని పళ్లతో ముడి వెయ్యడం నేర్చుకున్నాడు, ఎడంచేత్తో అన్నం కలుపుకున్నాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఒంటిచేతి దేవుడు బడిపిల్లల సంచుల మీదికి ఎక్కాడు.

ఒకరోజు ఆయన అడిగాడు. "తోడేలు కొరుకుతుందని వాడికి ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ పెట్టాడా! నాకు తెలియదు. నేను నమ్మాను."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన నేల చూపులు చూస్తూ చెప్పుకొచ్చాడు. ఆ రోజు మిషన్‌లో కాగితం ఇరుక్కుంది. మిషన్ విప్పి తీస్తే సరుకు ఆలస్యమవుతుందని పెద్దాయన తానే స్విచ్చి ఆపి, దాని దగ్గర నిలబడి, "చెయ్యి పెట్టి లాగవయ్యా, నేనున్నాగా" అన్నాడు. అంతలో ఎవరో పిలిస్తే అటు తిరిగాడు, ఆయన మోచెయ్యి స్విచ్చికి తగిలి కత్తి దిగింది. ఆసుపత్రిలో పళ్ల సంచీ పెడుతూ, "తప్పు నీదని చెప్పు. మీ ఆవిడ ఉద్యోగం నేను చూసుకుంటా" అన్నాడు.

"ఇన్నాళ్లూ నాతో ఒక్క ముక్క చెప్పలేదేమండీ?"

"చెబితే నువ్వు అక్కడ కూర్చుని బొమ్మలు వెయ్యగలవా?"

వెయ్యగలిగింది, కొంతకాలం. మెట్ల మీద పెద్దాయన ఎదురైతే గోడకి ఒత్తుకుని దారిచ్చేది. ఇంతలో పిల్లల ఆటబొమ్మలు తయారుచేసే కంపెనీవాళ్లు వచ్చి, ఒంటిచేతి బొమ్మ పిల్లలు కొనరన్నారు. నిప్పులు కక్కే బంగారు చెయ్యి అతికిస్తే మాత్రం ఎగబడి కొంటారట. రచయిత తల గోక్కుంటూ, దేవుడికి చెయ్యి తిరిగొచ్చినట్టు కథ రాసిచ్చాడు. ఆమె ఆ కాగితాలు పట్టుకుని తిన్నగా పెద్దాయన గదిలోకి వెళ్లింది.

"పోయిన చెయ్యి ఎలా వస్తుందండీ?"

"బొమ్మే కదమ్మా, పోయిందేముంది? గీస్తే వస్తుంది" అని ఆయన నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఆ రోజు స్విచ్చి దగ్గర ఉన్నది మీరు. మిమ్మల్ని నమ్మి చెయ్యి పెట్టారు మా ఆయన."

పెద్దాయన నవ్వు ఆగింది. లేచి తలుపు మూశాడు. "మీ ఆయన అందరి ముందూ ఏం చెప్పాడో అందరూ విన్నారు. నువ్వు అలిసిపోయినట్టున్నావు. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో." ఆ విశ్రాంతి ఎన్నాళ్లో ఆయన చెప్పలేదు. మర్నాడు ఆమె బల్ల దగ్గర వేరే మనిషి కూర్చుని ఉన్నాడు.

సంగతి విన్న భర్త కేకలు వెయ్యలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీ ఉద్యోగం నిలిచినన్నాళ్లూ నా చెయ్యి పోనట్టే. ఇవాళ పోయింది" అన్నాడు.

అయినా ఆమె ఊరుకోలేదు. కార్మికుల ఆఫీసులో ఫిర్యాదు చేసింది. కింది అంతస్తులో ఉన్నవాళ్లను బతిమాలింది. "మేం చూడలేదక్కా, పిల్లలుగలవాళ్లం" అని వాళ్లు కాళ్లవంక చూసుకున్నారు. మిషన్‌ను ఎప్పుడో తుక్కు కింద అమ్మేశారు. విచారణ రోజున భర్త వస్తాడో రాడో ఆమెకు తెలియదు. వచ్చాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"మరి అప్పుడు తప్పు నాదే అన్నారుగా? ఇప్పుడు మాట మారుస్తున్నారేం?" అన్నాడు అధికారి.

"అప్పుడు ఈవిడకి ఉద్యోగం ఉంది సార్."

ఆ మాటకి గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఫిర్యాదు కొట్టేశారు.

ఆ చలికాలంలో అత్తగారు పోయింది. వాళ్లు ఇంకా చిన్న గదిలోకి మారారు. ఆమె ఇప్పుడు దుకాణాల బోర్డులు రాస్తుంది, బండ్లకి నంబర్లు వేస్తుంది. దుకాణాల్లో బంగారు చేతి దేవుడి పుస్తకాలు వేలాడుతుంటాయి. ఆమె వాటికి వీపు పెట్టి నిలబడి, అక్షరం కొలతలు చూసుకుంటుంది. భర్త రోజూ వెంట వస్తాడు, రంగు డబ్బాలు మోస్తాడు. ఆమెతో మాట్లాడేది తక్కువ. నిచ్చెన మాత్రం ఇంకెవరినీ పట్టుకోనివ్వడు. ఎడంచేత్తో దాని ఒక కాలు పట్టి, రెండోదానికి భుజం ఆనించి, ఆమె దిగేదాకా పైకి చూస్తూ నిలబడతాడు.